ఉభయ పక్షాలు

ఎల్లుండి నాక్ టీము వస్తుంది.
బీరువా పై అరలో ఇరవై మూడు ఎంఓయూలు,
వానాకాలం చెమ్మకి ఫోల్డర్లు ఒకదానికొకటి అంటుకుపోయి.
"పనిచేస్తున్నవి మాత్రమే తియ్యండి సత్యవేణి గారూ"
అని ప్రిన్సిపాల్ గారు రెండోసారి ఫోన్ చేశారు.

పనిచేస్తోందో లేదో
ఫోల్డరు తెరిస్తే తెలియదు.
ఫొటో ఉంటుంది: శాలువాలు, బొకే, రెండు పెన్నులు,
వెనక ఫ్లెక్సీలో మా కాలేజీ పేరు
ఒక అక్షరం తప్పు.
కొరియా వాళ్లతో ఒకటి. దేనిగురించో నాకే గుర్తులేదు,
టైపు కొట్టింది నేనే.
తమిళనాడు వాళ్లతో ఒకటి,
ఒకరి సెమినార్లకి ఒకరు రావాలని.
ఎవరూ రాలేదు. రాలేదేమని ఎవరూ అడగలేదు.

"ఈ అవగాహన పత్రం ఉభయ పక్షాలనూ
చట్టపరంగా బంధించదు."
ఇరవై మూడుసార్లు కొట్టానీ వాక్యం.
కొట్టిన ప్రతిసారీ నాన్న గుర్తొచ్చాడు.

నాన్నది కౌలు సేద్యం, కాలవ శివారున ఎకరంన్నర.
గట్టు మీద నిలబడి "ఇరవై బస్తాలు" అన్నాడాయన,
"సరే" అన్నాడు నాన్న.
తొమ్మిదేళ్లు ఆ రెండు మాటల మీదే ఊడ్పులూ కోతలూ.
పదో ఏడు ఆయన అల్లుడొచ్చి
రొయ్యల చెరువు తవ్వించాడు.
"కాగితముందా?" అని అడిగాడు,
మర్యాదగానే.

అందుకే నాకు కాగితమంటే ఎగతాళి లేదు.

పదిహేడో ఫోల్డరు డచ్చి వాళ్లది.
వాళ్లదీ సముద్రం కన్నా పల్లపు నేలేనట.
ఉప్పు భూమి లోపల ఎంత దూరం వచ్చిందో
మూడేళ్లు కలిసి చూడాలని రాసుకున్నాం.
వచ్చిన ప్రొఫెసరు సఖినేటిపల్లి రేవులో పంటెక్కి
ఊరికే అటూ ఇటూ తిరుగుతుంటే
మూడోసారి టిక్కెట్టు వద్దన్నాడు పంటు మనిషి.
రెండో ఏడు ఒక ఈమెయిలు: నిధులు ఆగాయి, విచారిస్తున్నాము.
మిగిలింది ఒక మీటరు.
పసుపు రంగుది, అరచేతిలో పట్టేంత,
నీళ్లలో ముంచితే అంకె చెబుతుంది.
ఏడో క్లాజు: గడువు తీరిన ముప్పై రోజుల్లో
పరికరములు వాపసు చేయవలెను.

గడువు తీరి పద్నాలుగు నెలలు.

మీటరు మా ల్యాబ్ అటెండరు నాగిడి ఏసుపాదం దగ్గరుంది.
ఆపమని అతనికెవరూ చెప్పలేదు.
ఆదివారం ప్రార్థనకి పోయేముందు
సైకిలు మీద పదకొండు నూతులు.
అతనికి తెలిసిన ఉభయ పక్షాలు వేరు,
పున్నమి పోటుకోసారి, అమావాస్య పోటుకోసారి
మళ్లీ వెళ్లి ముంచుతాడు.

నిన్న సాయంత్రం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు:
లాంగ్ నోటుబుక్కు, మొదటి పేజీలో శిలువ,
తర్వాతంతా అంకెలు.
కొల్లాటి మంగాయమ్మ గారి నుయ్యి
మొదటి ఏడు తొమ్మిది వందలు,
ఇప్పుడు రెండు వేల నాలుగొందలు.
ఒక వరసలో అంకె లేదు.
"తాగడం మానేశారు" అని ఉంది.

"నెలనెలా ఫొటోలు తీసి పంపుతున్నానండి."
ఎవరికి?
"ప్రొఫెసరు గారితో వచ్చిన పిల్లకండి.
ఇప్పుడక్కడ లేదంట, వేరే ఉద్యోగమంట.
అయినా చూస్తదండి. గీత గీసి పంపుద్దండి."
ఫోనులో చూపించాడు.
ఎర్ర గీత, సముద్రం వైపు నించి ఊళ్లోకి.

పొలం దస్తావేజుకి సాక్షుల గడి ఉంటుంది.
ఎంఓయూకి అదీ ఉండదు.

జిరాక్సు కొట్టువాడు సగం షట్టరు దించేశాక
బతిమాలి నూట నలభై పేజీలు తీయించాను.
చెమ్మకో, ఉప్పు చేతులకో కాగితాలు బిరుసెక్కి
మిషను రెండుసార్లు నమిలింది.
"ఏంటండీ, పాల లెక్కలా?" అన్నాడు.
"ఒప్పందం" అన్నాను.

పొడిగింపు ముసాయిదా కూడా కొట్టాను,
సంతకం ఎవరు పెడతారో తెలియకుండానే.
ఏడో క్లాజు దగ్గర ముప్పై రోజులన్నది చెరిపి,
ఏం వేయాలో తోచక
ఖాళీ వదిలేశాను.

రేపు ఆదివారం. అమావాస్య కూడా.